నడుస్తోందా, నడుస్తుందా? డాకర్ తెచ్చిన తంటా

సభ్యులకు నమస్కారం. పాలిటెక్నిక్ పిల్లల కోసం లినక్స్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) దగ్గర బండి ఆగింది. దాని సర్వీసు (తెరవెనక నడిచే ప్రోగ్రాము) సంగతి అడగడానికి రెండు కమాండ్లున్నాయి. ‘సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-యాక్టివ్ డాకర్’ అని కొడితే ఈ క్షణాన ఎలా ఉందో చెబుతుంది. ‘ఈజ్-ఎనేబుల్డ్’ అని కొడితే, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినప్పుడు దానంతటది మొదలవుతుందో లేదో చెబుతుంది. నేను రెండింటికీ ‘నడుస్తుందా?’ అనే రాసిపారేశాను. ఒక పిల్లవాడికి మొదటిదానికి ‘ఇనాక్టివ్’ అనీ, రెండోదానికి ‘ఎనేబుల్డ్’ అనీ వచ్చింది. “ఇంతకీ నడుస్తుందా, నడవదా? ఒకటి చెప్పండి సార్” అన్నాడు. నోట మాట రాలేదు. ‘రన్నింగ్’కి వేరే తెలుగు మాట ఏదైనా ఉందా?

▪ వేరే మాటెందుకండీ, ఉన్నదాన్నే సరిగ్గా పలికితే చాలు. ‘వాన కురుస్తోంది’ అంటే గొడుగు అందుకుంటాం. ‘శ్రావణంలో వాన కురుస్తుంది’ అంటే గొడుగు కోసం లేవం. మొదటిది కళ్లముందు జరిగేది, రెండోది అలవాటుగా జరిగేది, లేదా జరగబోయేది. మీ యాక్టివ్ ‘నడుస్తోంది’, మీ ఎనేబుల్డ్ ‘నడుస్తుంది’. ఇంగ్లిష్ వాడు రెండు వేర్వేరు మాటలు తెచ్చుకోవాల్సి వచ్చిన చోట మనకు ఒక్క ఓత్వంతో పని జరిగిపోతోంది. ఈమధ్య వార్తల్లోనూ ఈ రెండింటినీ కలిపేస్తున్నారు, అది వేరే ఏడుపు.

▪ సార్, కలిపేస్తున్నరు అనకండి. మా కరీంనగర్ దిక్కు ఆ తేడా పక్కాగ ఉన్నది. ఇప్పుడు జరిగేది ‘నడుస్తాంది’, ఎప్పుడైనా జరిగేది ‘నడుస్తది’. మీ ఓత్వం మాకు లేకపోయినా లెక్క తప్పదు. ఒక్కటే చిక్కు: హైదరాబాద్‌ల ‘డాకర్ నడుస్తదా?’ అంటే ‘డాకర్ పెడితే ఓకేనా?’ అని కూడ అర్థం. మా ఆఫీసుల ఒకాయన గిట్లనే అడిగితే నేను సర్వర్‌ల చూసొచ్చి “బంద్ ఉన్నది” అన్న. ఆయన పాపం ప్రాజెక్టే బంద్ అయిందనుకున్నడు.

▪ మాది రైసుమిల్లు ఇల్లు. మా నాన్న ఏనాడూ ‘మిల్లు నడుస్తోంది’ అనలేదు, ‘ఆడుతోంది’ అనేవారు. వడ్లు ఆడించేవాళ్లం. హాల్లో సినిమా ఆడుతుంది, గానుగ ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది. వైద్యుడు చెయ్యి పట్టుకుని చూసేది కూడా నాడి ఆడుతోందా అనే కదా. సర్వీసు బతికుందో లేదో చూడటానికి ఇంతకన్నా దగ్గర మాట నాకు తోచదు.

మాట అందంగా ఉందండీ, కానీ ‘డాకర్ ఆడుతోంది’ అంటే మా పిల్లలు గేమ్ అనుకుంటారు!

▪ ‘ఉంది’ని మర్చిపోతున్నారు. ‘డాకర్ --వెర్షన్’ కొట్టి, నంబరు రాగానే నడుస్తోందనుకునేవాళ్లు బోలెడుమంది. అది ‘ఉంది’ మాత్రమే. ఆ నంబరు చెప్పేది మనం టైపు చేసే క్లయింటు, వెనకాల సర్వీసు ఆగిపోయి ఉన్నా చెబుతుంది. ‘డాకర్ పీఎస్’ కొట్టండి. ఖాళీ పట్టిక వచ్చినా సరే, సర్వీసు నడుస్తున్నట్టే, లోపల కంటైనర్లేవీ నడవటం లేదంతే. కొట్టు తెరిచే ఉంది, బేరాల్లేవు. సర్వీసు ఆగిపోయి ఉంటే మాత్రం ‘డాకర్ డీమన్‌ని అందుకోలేకపోతున్నాను’ అని చెప్పి (డీమన్ అంటే ఆ వెనకాల సర్వీసే), ‘డీమన్ నడుస్తోందా?’ అని తిరిగి మననే అడుగుతుంది. ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే అది మూడో సంగతి. నడుస్తూనే ఉండొచ్చు, మనల్ని గుమ్మం దాటనివ్వటం లేదు.

▪ ఆ డీమన్‌ని ఎవరో ‘దయ్యం’ అని అనువదించగా చూశాను. ‘దయ్యం నడుస్తోందా?’ అని కంప్యూటర్ అడిగితే పాదాలు వెనక్కి తిరిగున్నాయేమో చూసుకోవాలి. ఆ పేరు 1963లో అమెరికాలోని ఎంఐటీలో ప్రాజెక్ట్ మ్యాక్ అనే కంప్యూటర్ పరిశోధన బృందం వాళ్లు పెట్టింది. భౌతికశాస్త్రవేత్త మ్యాక్స్‌వెల్ ఊహించిన, కంటికి కనపడకుండా అణువుల్ని వేరుచేస్తూ కూర్చునే భూతం నుంచి తీసుకున్నారు. పట్టి పీడించేది కాదు, చాకిరీ చేసేది. అల్లావుద్దీన్ దీపంలో ఉండేదాన్ని మనం భూతం అనే అన్నాం కదా, అదే దగ్గర.

అందరికీ ధన్యవాదాలు. పాఠంలో ఇలా మార్చాను: ‘ఈజ్-యాక్టివ్’ అంటే నడుస్తోందా, ‘ఈజ్-ఎనేబుల్డ్’ అంటే మళ్లీ వేస్తే నడుస్తుందా. ఆ పిల్లవాడి జవాబు: “ఇప్పుడు నడవటం లేదు, మళ్లీ వేస్తే నడుస్తుంది.” డీమన్‌ని డీమన్ అనే ఉంచేశాను, దయ్యమంటే తల్లిదండ్రులు వస్తారు.

▪ మరి ‘ఈజ్-ఎనేబుల్డ్’కి జవాబుగా వచ్చే ‘డిసేబుల్డ్’కీ ‘మాస్క్‌డ్’కీ?

▪ మొదటిది తనంతట నడవదు, నడిపిస్తే నడుస్తుంది. రెండోది నడిపించినా నడవదు.