ఇంటి కంప్యూటరుకూ లాప్‌టాప్‌కూ మధ్య ఫైళ్లను గిట్‌తో సింక్ చేసుకోవడం సరైన పద్ధతేనా?

తాళపత్రం:
నేను ఇంట్లో లినక్స్ ఉన్న డెస్క్‌టాప్ మీద, ప్రయాణాల్లో మాక్ లాప్‌టాప్ మీద పని చేస్తాను. రెండింటిలోనూ ఒకే ఫోల్డరు ఉండాలి. అందులో నేను రాస్తున్న తెలుగు వ్యాసాలు సాదా టెక్స్ట్ ఫైళ్లుగా, వాటికి ఆధారమైన పాత పత్రికల స్కాన్‌లు పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. ఫోల్డరు మొత్తాన్ని గిట్ రిపోజిటరీగా, అంటే ఫైళ్ల మార్పుల చరిత్రను గిట్ అనే సాధనం దాచే ఫోల్డరుగా, మార్చాలనుకుంటున్నాను. గిట్ అందుకు పుట్టింది కాదనీ, యంత్రాల మధ్య ఫైళ్లను దానంతటదే ఒకేలా ఉంచే సింక్‌థింగ్ చాలుననీ ఒక మిత్రుడు వాదిస్తున్నారు. దయచేసి కారణాలతో సహా మీ అభిప్రాయం చెప్పండి.

చుక్కాని:
మీ మిత్రుడి మాటే నా మాట. లినక్స్ కెర్నెల్ (ఆ వ్యవస్థ కేంద్ర భాగం) సోర్స్ కోడ్‌ను నిర్వహించడానికి లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను రాశారు, దాని స్వభావమంతా ఆ అవసరం నుంచే వచ్చింది. ఫైలును చివరిసారి ఎప్పుడు మార్చారన్న సమయాన్ని అది దాచదు, ఖాళీ ఫోల్డర్లను గుర్తించదు, అనుమతుల్లో ఫైలును నడపవచ్చా లేదా అన్నది తప్ప మరేదీ పట్టించుకోదు. స్కాన్‌ల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. ఒక పీడీఎఫ్‌ను మెరుగుపరచి మళ్లీ కమిట్ చేస్తే (గిట్ చరిత్రలో నమోదు చేస్తే) పాత ప్రతి కూడా చరిత్రలో ఉండిపోతుంది. ఫైలును తొలగించినా ఆ స్థలం తిరిగి రాదు, పైగా ఆ భారాన్ని రెండు కంప్యూటర్లూ మోయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, కమిట్ చేసి పుష్ చేయడం (అవతలి రిపోజిటరీకి పంపడం) మరచి ఊరికి బయలుదేరితే లాప్‌టాప్‌లో మీకు దొరికేది పాత వ్యాసమే. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడేదాన్ని నేను సింక్ అని ఒప్పుకోలేను.

మార్జిన్:
స్కాన్‌ల గురించి చుక్కాని గారు చెప్పింది అక్షరాలా నిజం. అయితే వ్యాసాల విషయంలో నేను గట్టిగా విభేదిస్తున్నాను, ఎందుకంటే రాసేవారికి ఫైలు రెండు చోట్లా ఉండటం ఎంత అవసరమో, నిన్నటి వాక్యం ఏమిటో తెలియడమూ అంతే అవసరం.

దానంతటదే నడిచే సాధనం మన సవరణలను ఎంత వేగంగా మోసుకెళుతుందో, పొరపాట్లనూ అంతే వేగంగా మోసుకెళుతుంది. లాప్‌టాప్‌లో ఒక అధ్యాయం చెరిగిపోతే, రెండు యంత్రాలూ కలిసి ఉన్నంతసేపూ డెస్క్‌టాప్‌లోనూ చెరిగిపోతుంది. సింక్‌థింగ్‌లో పాత ప్రతులను దాచే సదుపాయం ఉన్నమాట వాస్తవమే, కానీ మనం ఎంచుకుంటే తప్ప అది పని చేయదు. ఎంచుకున్నా, అవతలి యంత్రం నుంచి వచ్చిన మార్పు వల్ల చెరిగే ప్రతినే దాస్తుంది తప్ప, అదే యంత్రంలో మనం చేసిన మార్పుకు ముందున్న ప్రతిని దాచదు.

రెండు చోట్లా ఒకే ఫైలును మార్చినప్పుడు తేడా ఇంకా స్పష్టమవుతుంది. సింక్‌థింగ్ ఒక ప్రతిని అలాగే ఉంచి, రెండోదానికి ఘర్షణ అని పేరు చేర్చి పక్కన పెడుతుంది. ఏ వాక్యం ఎక్కడ మారిందో వెతుక్కోవలసింది మనమే. గిట్ మాత్రం రెండింటికీ మూలమైన ప్రతిని తీసి, దానితో పోల్చి, ఒకదానికొకటి అడ్డురాని మార్పులను తానే కలుపుతుంది.

ఇక్కడ తెలుగులో రాసేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గిట్ పోల్చేది వరుసలను. పేరా మొత్తాన్ని ఎంటర్ నొక్కకుండా ఒకే వరుసగా రాసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అలా రాస్తే, ఇంట్లో మొదటి వాక్యాన్నీ రైల్లో చివరి వాక్యాన్నీ దిద్దినా గిట్‌కు అది ఒకే చోట జరిగిన ఘర్షణ. వాక్యానికొక వరుస కేటాయిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. పక్కపక్క వరుసలు మారితే మాత్రం అప్పుడూ మనల్నే అడుగుతుంది, అలా అడగడమే మంచిదని నా అభిప్రాయం.

చుక్కాని:
మూల ప్రతితో పోల్చడం గురించిన వాదనను ఒప్పుకుంటున్నాను. పుష్ మరచిపోవడం గురించి మీరు జవాబివ్వలేదు. వర్డ్ ఫైళ్లు రాసేవారికి ఈ మేలేదీ దక్కదన్నదీ గమనించాలి, ఎందుకంటే డాక్స్ (.docx) ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లం, దాని లోపలి వాక్యాలను గిట్ కలపలేదు.

మార్జిన్:
మరచిపోయే ప్రమాదం ఉంది, దాన్ని కాదనను. రోజు పని ముగించేటప్పుడు ఏం మారిందో ఒకసారి చూసి, ఒక వాక్యంలో కారణం రాసి కమిట్ చేయడాన్ని నేను రచనలో భాగంగానే చూస్తాను. ఆ కాసేపు పెట్టలేనివారికి గిట్‌ను సిఫారసు చేయను.

స్కాన్‌లకు వేరే దారి ఉంది. జోయీ హెస్ రాసిన గిట్-అనెక్స్ పెద్ద ఫైళ్లలోని విషయాన్ని గిట్ చరిత్రలో చేర్చకుండా, ఏ ఫైలు ఏ యంత్రంలో ఉందన్న లెక్కను మాత్రమే గిట్‌లో ఉంచుతుంది. అది నేర్చుకోవడం కష్టమనిపిస్తే స్కాన్‌లను వేరే ఫోల్డరులో పెట్టి సింక్‌థింగ్‌కే అప్పగించండి. ఒక్క విషయం మరువకండి: గిట్ రిపోజిటరీ ఉన్న ఫోల్డరును మాత్రం సింక్‌థింగ్‌కు ఇవ్వవద్దు. రెండు యంత్రాల్లో ఒకేసారి పని జరిగితే గిట్ లోపలి ఫైళ్లు ఒకదానితో ఒకటి పొసగక రిపోజిటరీయే పాడు కావచ్చు.

తాళపత్రం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా ఫైళ్ల పేర్లు కూడా తెలుగులోనే ఉన్నాయి. దానివల్ల ఏదైనా చిక్కు వస్తుందా? గిట్ రిపోజిటరీలను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్‌లో ఖాతా తప్పనిసరా?

మార్జిన్:
ఖాతా అవసరం లేదు. డెస్క్‌టాప్‌లోనే ఒక బేర్ రిపోజిటరీ (పని ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండేది) పెట్టుకుని ఎస్‌ఎస్‌హెచ్ (వేరే యంత్రానికి భద్రంగా కలిపే పద్ధతి) ద్వారా పుష్ చేయవచ్చు. మీరు పని చేస్తున్న ఫోల్డరులోకే నేరుగా పుష్ చేయబోతే, అక్కడ తెరిచి ఉన్న బ్రాంచ్‌ను (చరిత్రలోని పని శాఖను) మార్చడానికి గిట్ మామూలుగా నిరాకరిస్తుంది.

పేర్ల విషయంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది కంటికి మాత్రమే: గిట్ స్టేటస్ (ఏ ఫైళ్లు మారాయో చెప్పే ఆజ్ఞ) అడిగితే తెలుగు పేర్లకు బదులు \340\260 వంటి అంకెల వరుస కనిపిస్తుంది. కోర్.కోట్‌పాత్ అనే సెట్టింగును ఫాల్స్ చేస్తే అక్షరాలు కనిపిస్తాయి. రెండోది లోతైనది. యూనికోడ్‌లో (అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణంలో) ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ రాయవచ్చు. లినక్స్ మీరు టైపు చేసినదాన్ని అలాగే ఉంచుతుంది, మాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి డిస్కులు దాన్ని జంటగా విడగొట్టి దాస్తాయి. అందువల్ల "పైరు" అన్న ఫైలు చూపుకు ఒకటే అయినా రెండు వేర్వేరు పేర్లుగా లెక్కకు రావచ్చు. మాక్‌లో కోర్.ప్రీకంపోజ్‌యూనికోడ్ (ఆ జంటను ఒకటిగా కలిపే సెట్టింగు) ట్రూ అని ఉందో లేదో మొదటి కమిట్‌కు ముందే చూసుకోండి.