రోడ్డు పక్కన పసుపు పూల ముళ్ల మొక్క: పేరు చెప్పగలరా?

పాలమూరు పిల్ల: మా ఊరి రోడ్డు వెంట, బీడు చేలల్లో ఇప్పుడు ఇదే విరగబూసింది. మోకాలెత్తు ఉంటుంది. ఆకు అంచులకు ముళ్లు, ఈనెల వెంబడి తెల్లటి చారలు. పువ్వు పసుపు, రేకులు బాగా పల్చన. కాయకూ ముళ్లే. ఏంటండీ ఇది?

గట్టుమీద: వాకుడు అయ్యుంటుంది.

కృష్ణాతీరం: కాదన్నా. వాకుడు నేలమీద పాకుతుంది, పువ్వు ఊదా రంగు. పసుపుగా ఉండేది దాని పండు. అమ్మా, ఒక ఆకు తుంచి చూడు, పాలు ఏ రంగులో వస్తాయో.

పాలమూరు పిల్ల: పసుపు పాలు! వేళ్లకి అంటుకున్నాయి.

కృష్ణాతీరం: అయితే బలురక్కసే. బ్రహ్మదండి అనీ, పిచ్చికుసుమ అనీ కూడా అంటారు. అసలు కుసుమకి ఈ పాలు రావు.

పాత బాటనీ సార్: ముందు చేతులు కడుక్కోండి, కళ్లు నలుపుకోకండి. ఆ పాలు కంటికి మందని కొందరు చెబుతారు, దయచేసి ఎవరూ ప్రయత్నించొద్దు. ఇది ఆర్జిమోన్ మెక్సికానా, గసగసాల కుటుంబం. అసలు ప్రమాదం గింజలతో. చూడ్డానికి ఆవాల్లాగే ఉంటాయి. ఆ నూనె ఆవనూనెలో కలిస్తే కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, గుండె దెబ్బతింటుంది. 1998లో ఢిల్లీలో ఇలాంటి కల్తీ నూనె తిని 60 మందికి పైగా చనిపోయారు.

గట్టుమీద: మనం వాడేది పల్లీ నూనె కదా సార్, టెన్షన్ ఎందుకు?

పాత బాటనీ సార్: పోపులో ఆవాలు వేస్తాం కదా! విడిగా కొన్నవైతే కొన్ని గింజలు తెల్ల కాగితం మీద పోసి చూడండి. ఆవగింజ నున్నగా ఉంటుంది, నలిపితే లోపల పసుపు. బలురక్కసి గింజ గరుగ్గా, ఇంకాస్త నల్లగా ఉంటుంది, లోపల తెలుపు.

మిరపచేను: మా మేకలు దాని జోలికే పోవు. పూతకు ముందే పీకేయాలి. కాయ ఎండితే పైన విచ్చుకుని గింజంతా చేలోనే రాలుతుంది, మళ్లీ ఏడాది అదే తంటా.

పాలమూరు పిల్ల: థాంక్సండీ. దాని పక్కనే ఇంకో పసుపు పూలదుంది. ముళ్లు లేవు, సన్నటి కాయలు నిటారుగా నిలబడ్డాయి.

కృష్ణాతీరం: నాలుగు రేకులేనా? ఆకు జిగటగా, ఘాటు వాసనతో ఉందా? అయితే కుక్కవామింట.