మాటల చివర్లు తెగిపోతున్నాయి: తేలికైన ఆడియో ఎడిటర్‌కు మారాలా?

ప్రశ్న

చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తున్నాను. నా దగ్గరున్నది 4 జీబీ ర్యామ్‌తో విండోస్ 10 నడిచే పాత ల్యాప్‌టాప్. దాని జాక్‌కు మైకు తగిలించి, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఒక్కో అధ్యాయాన్ని గంటసేపు రికార్డు చేస్తాను. కొంతకాలంగా వాక్యాల చివరి అక్షరాలు మింగేసినట్టు వినిపిస్తున్నాయి; ‘చేశారు’ అని చదివితే ‘చేశా’ దగ్గరే ఆగిపోతోంది. అదే పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేస్తే స్పష్టంగా ఉంటోంది. పైగా మొత్తం ట్రాక్‌కు, వెనకాల రొదను తగ్గించే నాయిస్ రిడక్షన్ ఎఫెక్ట్ ఇచ్చినప్పుడల్లా కంప్యూటర్ చాలాసేపు మొరాయిస్తోంది. ఇంతకంటే తేలికైన సాఫ్ట్‌వేర్‌కు మారితే ఈ రెండు సమస్యలూ తీరతాయా?

మొదటి జవాబు

మొదటిది తీరదు, ఎందుకంటే మీ గొంతు ఎడిటర్‌కు చేరేలోపే దారిలో ఎవరో దానికి కోత పెడుతున్నారు. మైకు నుంచి వచ్చే ధ్వనిని సౌండ్ డ్రైవరు ముందుగా శుద్ధి చేసి, ఆ తర్వాతే ప్రోగ్రాములకు అందిస్తుంది; వాక్యం చివర గొంతు తగ్గగానే ఆ చిన్న ధ్వనిని రొదగా లెక్కగట్టి తొక్కేస్తుంది. నిర్ధారించుకోవడం సులువే. రికార్డింగ్ మొదలుపెట్టి, ‘ఆ...’ అని ఒకే స్థాయిలో ఊపిరి ఉన్నంతసేపు సాగదీస్తూ లెవెల్ మీటరును చూడండి. మీ గొంతు నిలకడగా ఉన్నా మీటరు క్రమంగా దిగిపోతుంటే అది నాయిస్ సప్రెషన్ పనే, ఎందుకంటే మార్పు లేకుండా సాగే ధ్వని దాని దృష్టిలో ఫ్యాను హోరుతో సమానం.

సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో రికార్డింగ్ ట్యాబ్‌కు వెళ్లి, మీ మైకు ప్రాపర్టీస్ తెరిచి, ఎన్‌హాన్స్‌మెంట్స్ (ధ్వనిని దానంతటదే శుద్ధి చేసే సెట్టింగులు) అన్నింటినీ ఆపేయండి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఆడియో యాప్ ఏదైనా ఉంటే అందులోనూ ఇలాంటి మీట ఉండవచ్చు, దాన్నీ చూడండి. సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లోనే కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ కూడా ఉంటుంది. కాల్ నడుస్తున్నప్పుడు మిగతా ధ్వనులను 80 శాతం తగ్గించాలన్న నియమం అందులో ముందే ఎంపికై ఉంటుంది కాబట్టి, ‘డూ నథింగ్’ అని మార్చుకోవడం మంచిది.

రెండో జవాబు

నెమ్మదితనం గురించి చెబుతాను. ఆడాసిటీ మామూలుగా 32 బిట్ ఫ్లోట్‌లో, అంటే ధ్వని ఒక్కో నమూనాకు నాలుగు బైట్ల చొప్పున వాడుతూ పనిచేస్తుంది. సెకనుకు 44,100 నమూనాల (44,100 హెర్ట్జ్) దగ్గర మోనో, అంటే ఒకే చానెల్ ధ్వని నిమిషానికి పది మెగాబైట్లకు పైగా, గంటకు సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. మొత్తం ట్రాక్‌కు ఎఫెక్ట్ ఇచ్చిన ప్రతిసారీ, అన్‌డూ కోసం పాతది ఉంచుకుని కొత్త ప్రతిని డిస్కు మీద రాస్తుంది. కాబట్టి భారం ర్యామ్ మీదకన్నా డిస్కు మీదే ఎక్కువ. స్టీరియోలో రికార్డు చేస్తుంటే మోనోకు మారండి, ఒక మనిషి చదువుకు అది చాలు. అధ్యాయాన్ని పదిహేను నిమిషాల ముక్కలుగా రికార్డు చేస్తే ఇంకా హాయి.

ఒకే ఫైలును సరిదిద్దడమే పనైతే ఓసెన్‌ఆడియో తేలిగ్గా ఉంటుంది, కానీ అందులో పలు ట్రాకులను కలిపే వీలు లేదు. పూర్తయిన ఎంపీ3లో దగ్గులు, విరామాలు కత్తిరించడానికైతే ఎంపీ3 డైరెక్ట్‌కట్‌ను మించినది నాకు తెలియదు. ఫైలును విప్పి మళ్లీ కుదించే పని లేకుండా కోస్తుంది కాబట్టి నాణ్యత తగ్గదు; అయితే కోత సుమారు 26 మిల్లీసెకన్ల ఫ్రేముల సరిహద్దుల్లోనే పడుతుంది.

ప్రశ్న అడిగినవారు

‘ఆ’ పరీక్షలో మీటరు నిజంగానే దిగిపోయింది. ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపాక వాక్యాల చివర్లు పూర్తిగా వినిపిస్తున్నాయి, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ఫ్యాను హోరు కూడా పడుతోంది. దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చు?

మొదటి జవాబు ఇచ్చినవారు

ముందు మైకును ల్యాప్‌టాప్‌కు దూరంగా, మీ నోటికి దగ్గరగా జరపండి. ఏ ఎఫెక్టూ దీనంత మేలు చేయదు. ఆ తర్వాత కూడా హోరు మిగిలితే, ఏమీ మాట్లాడని రెండు మూడు సెకన్ల భాగాన్ని నాయిస్ రిడక్షన్‌కు నమూనాగా ఇచ్చి, 6 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి. ఆపై ‘స’, ‘శ’, ‘ష’ ఉన్న మాటలను హెడ్‌ఫోన్స్‌లో వినండి. వాటి మధ్య తేడా మసకబారినట్టు అనిపిస్తే ఆ డెసిబెల్స్ అంకెను ఇంకా తగ్గించండి, ఎందుకంటే పుస్తకం కనిపించని విద్యార్థికి ఆ తేడాను చెప్పేది మీ గొంతొక్కటే.