మెడ నొప్పి చేతిలోకి పాకితే మెడకు చేత్తో చేసే చికిత్స చేయించవచ్చా?

కొర్లగుంట, తిరుపతి నుంచి:
మా అన్నయ్య టైలరు. కొద్ది వారాలుగా మెడ నుంచి కుడి చేతి మధ్యవేలి దాకా నొప్పి, తిమ్మిరి. చెయ్యి తల మీద పెట్టుకుంటేనే నిద్ర పడుతోంది. ఆరు, ఏడు పూసల మధ్య డిస్కు ఉబ్బిందని ఎంఆర్‌ఐలో వచ్చింది. ఇంట్లో పుత్తూరు వెళ్దామంటున్నారు. సెలూనులో మెడ విరిపిస్తే చాలని ఇంకొకరు. ఫిజియోథెరపిస్టు చేత్తో చేసే చికిత్స పనికొస్తుందా?

చిత్తూరు నుంచి:
డబ్బు దండగ. పైనుంచి నొక్కితే ఉబ్బిన డిస్కు లోపలికి పోతుందా? మాత్రలు, పూర్తి విశ్రాంతి, తగ్గకపోతే ఆపరేషన్. అంతే.

ఫిజియోథెరపిస్టు, తిరుపతి:
డిస్కును లోపలికి తోయడం ఎవరి చేతుల వల్లా కాదు, ఒప్పుకుంటాను. అయితే నొప్పికి నరం మొదలు దగ్గర వచ్చే వాపు కూడా కారణమే. అది తగ్గేకొద్దీ చాలామంది కొన్ని వారాల్లోనో నెలల్లోనో ఆపరేషన్ లేకుండానే కోలుకుంటారు. ఈలోగా మెడ బిగుసుకుపోకుండా చూడాలి. అందుకే పూర్తి విశ్రాంతి వద్దంటాను. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తలను రెండు అరచేతుల్లో పట్టుకుని, మెడను నొప్పి లేని వైపుకు మెల్లగా జరుపుతాం. టక్కుమని చప్పుడు రావలసిన పనే లేదు. వ్యాయామం తప్పనిసరి.

సెలూనులో మాత్రం వద్దే వద్దు. మెడను ఒక్కసారిగా తిప్పితే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని గోడ చిరిగి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే నష్టం శాశ్వతం కావచ్చు. పుత్తూరు కట్టుకు పేరొచ్చింది విరిగిన ఎముకలకు. ఇక్కడ ఎముక విరగలేదు కదా!

చిత్తూరు నుంచి:
మీరు చేత్తో చేసే చికిత్సకు గట్టి ఆధారాలున్నాయా?

ఫిజియోథెరపిస్టు, తిరుపతి:
అంత గట్టివి లేవు. వ్యాయామంతో కలిపి చేస్తే కొంతకాలం ఉపశమనం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. నాలుగైదు సార్లకు మార్పు రాకపోతే మానేయమనే నేను చెబుతాను. కొర్లగుంట వారూ, మీ అన్నయ్యకు ఏడో మెడ నరం నొక్కుకున్నట్టుంది. చేతి బలం తెలియడానికి రెండు చేతులతో గోడను తోయమనండి. సూదిలో దారం ఎక్కించగలుగుతున్నారా? నడక తూలినా, మూత్రం పట్టు తప్పినా అది వెన్నుపాము సంగతి, అదే రోజు స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొర్లగుంట నుంచి:
దారం బాగానే ఎక్కిస్తున్నాడు. నడక బాగుంది. గోడను తోస్తే మాత్రం కుడి మోచేయి మడత పడిపోతోంది.

ఫిజియోథెరపిస్టు, తిరుపతి:
అయితే ముందు న్యూరో డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయకండి. చేతి బలం ఇంకా తగ్గుతూ పోతే చిత్తూరు వారు చెప్పిన ఆపరేషనే అవసరం కావచ్చు. డాక్టరు సరేనన్నాకే నేను మెడ మీద చెయ్యి వేస్తాను.