వైరల్ జ్వరాలకు ప్రోబయోటిక్ సాచెట్లా, తరవాణా?

ప్రశ్న (బొబ్బిలి నుంచి ఒక తల్లి):
మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. వానలు మొదలైన దగ్గర నుంచి మూడుసార్లు జ్వరం, జలుబు వచ్చాయి. మొదటి రెండుసార్లు మందుల దుకాణంలో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ వాడాము. మూడోసారి డాక్టరు గారికి చూపిస్తే ఇది వైరల్ జ్వరమని, యాంటీబయాటిక్ అక్కర్లేదని చెప్పారు. రెండోసారి మందు వాడిన మూడో రోజుకే విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు ఆ దుకాణంలోనే పది ప్రోబయోటిక్ సాచెట్లు (మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల పొడి) ఇచ్చి, వీటితో కడుపు బాగుపడుతుంది, రోగనిరోధక శక్తి కూడా పెరుగుతుంది, రెండు నెలలు ఆపకుండా వాడమన్నారు. మా అత్తగారు ఒక సాచెట్టు చింపి వాసన చూసి, ఇంతకన్నా మా తరవాణి (కుండలో పులియబెట్టిన గంజి) నయమని పక్కన పెట్టేశారు. ముక్కులో చేరే వైరస్‌కూ పేగులోని సూక్ష్మజీవులకూ నిజంగా సంబంధం ఉందా? ఈ పొడికీ, పెరుగుకూ, తరవాణికీ తేడా ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (శ్రీకాకుళం, మైక్రోబయాలజీ అధ్యాపకుడు):
అమ్మా, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పేగులో స్థిరపడిన బాక్టీరియాను మాత్రం మంచీ చెడూ చూడకుండా చంపుతుంది కాబట్టి, మీ బాబు విరేచనాలకు అదే కారణమై ఉండవచ్చు.

ఇక సంబంధం ఉన్న మాట నిజమే. మన ఒంట్లో రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో చేరి ఉండే చోట్లలో పేగు గోడ ఒకటి. పేగులోంచి పోయే సూక్ష్మజీవుల నమూనాలను ఆ కణాలు అక్కడ పరీక్షించి, దేన్ని సహించాలో దేనితో పోరాడాలో నేర్చుకుంటాయి. జిగురుపొరలకు కాపలా కాసే ఐజీఏ అనే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఎక్కువగా అక్కడే తయారవుతాయి. మనం తిన్న పీచును పెద్దపేగులోని బాక్టీరియా పులియబెట్టినప్పుడు పుట్టే బ్యూటిరేట్ వంటి ఆమ్లాలు పేగు గోడను పోషించడమే కాక, దూరాన ఉన్న రోగనిరోధక కణాల నడతను కూడా మారుస్తాయి. 2011లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన అకికో ఇవాసాకి బృందం ఎలుకలకు యాంటీబయాటిక్‌లు ఇచ్చి, ఆ తరువాత ఫ్లూ వైరస్ సోకించినప్పుడు, వాటి ఊపిరితిత్తుల్లో రోగనిరోధక స్పందన మందగించింది. అయితే ఎలుకలో కనిపించినదాన్ని తెచ్చి సాచెట్టు మీద అచ్చువేసుకోవడం వ్యాపారమే కానీ శాస్త్రం కాదు.

మనుషుల మీద జరిగిన ప్రయోగాలు ఒకే మాట చెప్పడం లేదు. జలుబు వంటి ఇన్ఫెక్షన్లను ప్రోబయోటిక్‌లు కొంత తగ్గించవచ్చని వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2022 నాటి సమీక్ష చెబుతూనే, ఆధారాలు అంత గట్టివి కావని కూడా చెప్పింది. వాంతులు, విరేచనాలతో వచ్చిన చిన్నపిల్లలకు అమెరికాలోనూ కెనడాలోనూ ప్రోబయోటిక్‌లు ఇచ్చి చూసిన రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు 2018లో వెలువడ్డాయి; ఉత్తుత్తి పొడి ఇచ్చిన పిల్లలకూ వీరికీ తేడా కనిపించలేదు. అలాగని అంతా వృథా అనడానికీ లేదు. మన పొరుగున ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద చేసిన ప్రయోగంలో, లాక్టోబాసిలస్ ప్లాంటారమ్ అనే బాక్టీరియాను దాని ఆహారమైన ఒక చక్కెరతో కలిపి ఏడు రోజులు ఇస్తే, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా విషమించడం) లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. ఆ ఫలితం 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. కాబట్టి ఏ స్ట్రెయిన్ (ఒకే జాతి బాక్టీరియాలోని ఉపరకం), ఎంత మోతాదు, ఎవరికి, ఏ జబ్బుకు అన్నది తేలకుండా రెండు నెలలు వాడమనడానికి ఆధారం లేదు.

జవాబు (విజయనగరం, రిటైరైన ఆరోగ్య పర్యవేక్షకుడు):
మీ అత్తగారిని నేను సమర్థిస్తాను, కానీ ఒక షరతు మీద. మా ఇంట్లో తరవాణి కుండ ఉండేది. గంజిలో కాస్త అన్నం వేసి, పైన గుడ్డ కట్టి మూలన పెడితే, మూడో రోజుకు పులుపెక్కేది. తీసిన మేరకు మళ్ళీ గంజి పోసేవారు. అందులో బతికున్న లాక్టిక్ బాక్టీరియా ఉంటుంది, పెరుగులోనూ ఉంటుంది. అయితే అది ఏ స్ట్రెయినో, ఎంతుందో ఎవరూ లెక్కపెట్టలేదు కనుక, శాస్త్రవేత్తలు వాటిని పులిసిన ఆహారమంటారే తప్ప ప్రోబయోటిక్ అనరు. తిండిగా మంచిదే, మందుగా చూడకండి. చోడి (రాగి) అంబలి, పప్పులు, ఆకుకూరలు పెడితే పీచు కూడా అందుతుంది.

షరతు ఏమిటంటే, తరవాణిలో కలిపే నీళ్ళు కాచి చల్లార్చినవి కావాలి. 2024 అక్టోబరులో గుర్లలో అతిసారం ప్రబలిన సంగతి మన జిల్లావాళ్ళు మరచిపోలేదు. పచ్చకామెర్ల వైరస్‌లలో రెండు రకాలు కూడా కలుషిత నీటితోనే వస్తాయి. విరేచనాలు మళ్ళీ పట్టుకుంటే ముందు ఓఆర్ఎస్, డాక్టరు సలహాతో 14 రోజుల జింకు. ఇంట్లో చంటిపిల్లలుంటే రోటావైరస్ టీకా వేయించారో లేదో చూసుకోండి. దాన్ని 2016లో దేశంలో మొదటి విడతగా ప్రారంభించిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

జవాబు (కవిటి నుంచి):
మా ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ రోగులున్నారు కాబట్టి ఒక జాగ్రత్త చెబుతున్నాను. మా నాన్నగారికి మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేస్తున్న రోజుల్లో, మా మేనల్లుడి కోసం తెచ్చిన ఈస్టు రకం ప్రోబయోటిక్ సాచెట్టును ఆయన మంచం పక్కనే చింపబోతుంటే నర్సమ్మ ఆపింది. ఆ పొడి గాలిలో లేచి గొట్టం మొదట్లో పడినా ఈస్టు రక్తంలోకి చేరగలదని చెప్పింది. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఉన్న ఇళ్ళలో డాక్టరును అడగకుండా వీటిని వాడకండి. కిడ్నీ రోగులకు పెరుగు, మజ్జిగ కూడా కొలతగానే ఇస్తారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సాచెట్లు ఇంకా నాలుగు ఉన్నాయి. మా ఇంట్లో అటువంటి రోగులు ఎవరూ లేరు, బాబుకు ఇప్పుడు విరేచనాలు లేవు. ఇన్నాళ్ళూ ఆ పొడిని రాత్రి వేడివేడి పాలలో కలిపి ఇచ్చాను. అది సరైన పద్ధతేనా?

జవాబు (అధ్యాపకుడు):
విరేచనాలు తగ్గాయి గనుక మిగిలినవి వాడకపోయినా నష్టం లేదు. ఎప్పుడైనా డాక్టరు ఇవ్వమంటే వేడి పాలలో మాత్రం వద్దు, లాక్టోబాసిలస్ రకాలు ఆ వేడికి చాలావరకు చచ్చిపోతాయి. మరిగించిన మజ్జిగ పులుసులో బతికున్న బాక్టీరియా మిగలనిదీ ఇందుకే. పెరుగు తోడు వేసేటప్పుడు పాలు ఎంత గోరువెచ్చగా ఉండాలో మీ అత్తగారి వేలికి తెలుసు కదా, ఈ పొడికి కూడా అంతకు మించిన వేడి తగలనీయకండి.