గాలిమర గిర్రున తిరుగుతోంది, బ్యాటరీ మాత్రం ఎక్కడం లేదు

వజ్రకరూరు పొలం:
పొద్దున్నుంచి మిద్దె మీదే ఉన్నా, తల వేడెక్కిపోయింది. చిన్న గాలిమర కొన్నాను, ఒక కిలోవాట్‌ది. ఆషాఢం గాలి మా దగ్గర ఎట్లుంటుందో మీకు తెలిసిందే, మర గిర్రున తిరుగుతోంది. కంట్రోలర్ మీద మాత్రం ఆంపియర్లు సున్నా. వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించాను. అమ్మిన షాపువాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. ఇదే గాలికి కొండ మీది పెద్ద ఫ్యాన్లు కరెంటు ఇస్తున్నాయి కదా, నాది ఎందుకివ్వదు? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

వైండింగ్ అన్న, కడప:
బ్యాటరీ ఎన్ని వోల్టులు?

రామగిరి గాలి:
తమ్ముడూ, ముందు ఎక్కడ పెట్టావో చెప్పు. మిద్దె మీదేనా? పక్కన చెట్లు, నీళ్ల ట్యాంకు ఉన్నాయా? పెద్ద ఫ్యాన్లతో పోల్చావు కాబట్టి చెబుతున్నా. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. ఒక కిలోవాట్ అని అమ్మేది సాధారణంగా సెకనుకు 12 మీటర్ల గాలికి చెప్పే లెక్క. 5 మీటర్ల గాలికి అదే మర 70 వాట్లు ఇస్తే గొప్ప. రెండు మీటర్ల వ్యాసం ఉన్న మరకు 5 మీటర్ల గాలిలో అందే మొత్తం శక్తే 215 వాట్ల చిల్లర, అందులో మూడో వంతు కూడా చేతికి రాదు. పైగా మన ఎత్తుకు, ఎండకు గాలి పలచబడుతుంది. సముద్రమట్టం దగ్గర చల్లటి గాలితో పోలిస్తే పదో వంతు అక్కడే తగ్గుతుంది.

మా రామగిరి కొండల మీద 1990లలో పెట్టినవి చిన్న మరలు, స్తంభాలూ పొట్టివే. ఇప్పుడు వచ్చేవి 80 మీటర్లు, 100 మీటర్లు దాటి లేస్తున్నాయి. నేల దగ్గర చెట్టూ గోడా గాలిని ఆపేస్తాయి, పైకి పోయేకొద్దీ అది నిలకడగా, జోరుగా ఉంటుంది. చుట్టూ 150 మీటర్ల లోపల ఉన్న అన్నిటికన్నా పది మీటర్లు పైన ఉండాలి నీ మర. మిద్దె మీద సుడిగాలే తప్ప గాలి ఉండదు.

సోలార్ బెస్ట్:
గాలి కరెంటు దండగ. పెద్దవాటికే ఎఫిషియెన్సీ 25 శాతం. ప్యానెళ్లు వేసుకోండి.

రామగిరి గాలి:
ఆ 25 శాతం ఎఫిషియెన్సీ కాదు. ఏడాదంతా పూర్తి సామర్థ్యంతో తిరిగితే వచ్చే యూనిట్లలో నిజంగా ఎన్ని వచ్చాయన్న లెక్క అది, దాన్ని సీయూఎఫ్ అంటారు. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దంచుతుంది, మిగతా నెలల్లో నీరసం, అందుకే సగటు పావు వంతు దగ్గర ఆగుతుంది. ఎఫిషియెన్సీ అంటే రెక్కలకు తగిలిన గాలిలోంచి ఎంత లాగాం అన్నది. దానికి 59.3 శాతం హద్దని బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే తేల్చాడు. గాలిని పూర్తిగా ఆపేస్తే వెనక నుంచి వచ్చే గాలికి దారి ఉండదు, కొంత వదలాల్సిందే. మంచి పెద్ద మరలు 45 దాకా లాగుతాయి. రెండూ కలిపి మాట్లాడితే కొత్తవాళ్లు తప్పుదారి పడతారు.

సోలార్ బెస్ట్:
పేరు ఏదైనా బిల్లు కట్టేవాడికి యూనిట్లే లెక్క సార్. సోలార్‌కూ సీయూఎఫ్ ఉంది, కాదనను. కానీ అందులో తిరిగేది, అరిగేది ఏమీ లేదు.

రోళ్లపాడు పక్షి:
గాలిమరల గురించి మాట్లాడేటప్పుడు లైన్ల సంగతీ మాట్లాడాలి. రోళ్లపాడులో బట్టమేక పక్షికోసం 1988లోనే అభయారణ్యం పెట్టారు. బరువైన పక్షి, ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా కనిపించదు, దగ్గరికొచ్చాక తప్పుకోలేదు. మైదానాల్లో లాగే హైటెన్షన్ తీగలు దానికి యమపాశాలు. భూమి లోపల కేబుల్ వేయమని అడగండి.

వైండింగ్ అన్న, కడప:
అడిగింది చిన్న మర గురించి. బ్యాటరీ ఎన్ని వోల్టులు? మర నుంచి వచ్చే మూడు వైర్లలో ఏ రెండింటి మధ్య ఏసీ ఎంత?

వజ్రకరూరు పొలం:
గాలి బాగున్నప్పుడు 28, 28, 27 చూపిస్తోంది అన్నా. మిద్దె మీదే పెట్టాను, పక్కన ట్యాంకు, వెనక వేపచెట్టు ఉన్నాయి. బ్యాటరీలు పాత సోలార్‌వే, 12 వోల్టులవి నాలుగు, సిరీస్‌లో. ఇన్వర్టర్ 48ది కదా. కంట్రోలరూ 48దే తెచ్చాను. గాలి బాగా విసిరినప్పుడు మాత్రం ఒకటి రెండు ఆంపియర్లు చూపించి పోతోంది.

వైండింగ్ అన్న, కడప:
మర పలక మీద?

వజ్రకరూరు పొలం:
24 వోల్ట్ అని ఉంది.

వైండింగ్ అన్న, కడప:
అదే కథ. 28 ఏసీ డయోడ్ల గుండా డీసీ అయ్యేసరికి 38 అటూ ఇటూ. బ్యాటరీ 50 దగ్గర కూర్చుంది. మర వోల్టేజీ బ్యాటరీని దాటితేనే కరెంటు పోతుంది. అంత జోరుగా తిరగడమే దానికి గుర్తు. కరెంటు లాగుతుంటే మర బరువెక్కి నెమ్మదిస్తుంది, నీది ఖాళీగా తిరుగుతోంది. మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయి, వైండింగ్ బాగుంది. ముందు బ్రేక్ స్విచ్ వేసి మర ఆపు. ఈ గాలిలో లోడ్ లేకుండా వదిలితే రెక్క ఎగిరిపోతుంది.

రామగిరి గాలి:
నాలుగు బ్యాటరీలను రెండేసి సిరీస్, రెండు వరుసలు ప్యారలల్ చేస్తే 24 అవుతుంది. కంట్రోలరూ 24ది మార్చాలి. కానీ ట్యాంకు పక్కనుంచి తీయకపోతే అప్పుడూ అంతంతమాత్రమే.

సోలార్ బెస్ట్:
అప్పుడు 48 ఇన్వర్టర్ ఏం కావాలి? బ్యాటరీలు కదపకుండా వోల్టేజీ పెంచే కంట్రోలర్ పెట్టుకోవచ్చు.

వైండింగ్ అన్న, కడప:
పెట్టొచ్చు. మంచిది దొరకాలి, ధర ఎక్కువ. మరకు వేరే రెండు బ్యాటరీలు, లైట్లు 24 డీసీవి, నాకైతే అదే సులువు.

వజ్రకరూరు పొలం:
బ్రేక్ వేశాను, ఆగింది. బోరు గదిలో లైట్లకే కాబట్టి వేరే బ్యాటరీలు చూస్తా. థాంక్స్ అన్నా.

రామగిరి గాలి:
స్తంభం ఎత్తు సంగతి మరవద్దు తమ్ముడూ. ఎత్తు పెంచితే తప్పకుండా ఎర్తింగ్ వేయించు.

బెళుగుప్ప కొత్త:
నాది 12 వోల్ట్ మర, 12 బ్యాటరీనే, అయినా ఇట్లాగే ఉంది. చేత్తో తిప్పితే గట్టిగా పట్టేసినట్టుంది. ఎవరైనా చెబుతారా?