‘వరద మైదానం’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: నదుల మీద పిల్లల పుస్తకం ఒకటి తెలుగులోకి తెస్తున్నాను. ‘ఫ్లడ్‌ప్లెయిన్’కు పాఠ్యపుస్తకాల్లో ‘వరద మైదానం’ అని ఉంది. తప్పు కాదు కానీ చదువుతుంటే ఏదో వెలితిగా ఉంది. ఏటి పక్క ఊళ్లలో దీనికి వాడుక మాట ఏదైనా ఉందా? ఇంకో అనుమానం కూడా. వరద అన్న మాట ‘వరాలిచ్చేది’ అనే అర్థంలోంచి వచ్చిందని ఒకాయన చెప్పారు. నిజమేనా?

జవాబు: ముందు రెండో దానికి చెప్తానండి. ఆ వ్యుత్పత్తి వినడానికి బాగుంటుంది కానీ నిలవదు. వరాలిచ్చే ‘వరద’ సంస్కృతం. నీళ్ల వరద మన దేశ్యపదం, పాత నిఘంటువుల్లో బండి ఱతో ‘వఱద’ అని కనిపిస్తుంది. బండి ఱ రాయడం మానేశాక రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి, అంతే.

ఇక మైదానం. మాది కోనసీమ, వశిష్ఠ పాయ పక్కన. మైదానం అనగానే నాకు క్రికెట్ ఆడే చోటు గుర్తొస్తుంది: చదునుగా, ఖాళీగా. మీరు చెప్పే నేల అలాంటిది కాదు. గోదారి పొంగినప్పుడల్లా ఒండ్రు తెచ్చి పరిచి, తనే కట్టుకున్న నేల అది. దాని మీద అరటి ఉంది, కొబ్బరి ఉంది, ఊళ్లున్నాయి.

మా వైపు దీనంతటికీ కలిపి ఒకే మాట లేదు. పాయల మధ్య మేట వేసి పైకి తేలిన నేల లంక. కనకాయలంక, ఊడిమూడిలంక అని ఊరి పేర్లలోనే ఆ సంగతి ఉంది. నీళ్లు ఊళ్ల మీదికి రాకుండా వేసింది ఏటిగట్టు, కృష్ణ వైపు దాన్నే కరకట్ట అంటారు. గట్టుకు నదివైపున్న భూమికి ఏటా నీళ్లొస్తాయని అక్కడ సాగు చేసేవాళ్లకు తెలుసు. గట్టుకు ఇవతల ఉన్న ఊళ్లకు మాత్రం ఏ మాటా లేదు. నన్ను బాధపెట్టేది ఇదే. ఇవతలిది కూడా నది వేసిన నేలే. కానీ గట్టు లేచాక ఆ సంగతి మన మాటల్లోంచి జారిపోయింది. 1986 ఆగస్టులో ఏటిగట్లకు గండ్లు పడ్డప్పుడు నీళ్లు కొత్త చోటికేమీ వెళ్లలేదు, పాత చోటికే వచ్చాయి. మీ పుస్తకంలో ‘మైదానం’ అని రాస్తే పిల్లలకు ఇది అందదని నా భయం.

ఇంకొకటి, వరద వేరు, ముంపు వేరు. వరద నదికి వస్తుంది, ముంపు ఊరికి వస్తుంది. మా నాయనమ్మ జులైలో ఎర్రనీరు దిగగానే ‘గోదారొచ్చింది’ అని రేవుకెళ్లి పసుపు కుంకుమ వేసి దండం పెట్టేది. అప్పుడు భయం ఉండేది కాదు. నీళ్లు గుమ్మం దాకా వస్తేనే ‘మునిగాం’ అనేది. ఈ రోజుల్లో వార్తల్లో రెంటికీ ‘వరదలు’ అనేస్తున్నారు. వెల్లువ అయితే పాపం నదిని పూర్తిగా వదిలేసింది, ఫిర్యాదుల వెల్లువ, అభినందనల వెల్లువ అనడానికే మిగిలింది.

అందుకని నా సలహా ‘ఏటి ముంపు నేల’.

ఇంకొకరి మాట: మీరు చెప్పిన తేడా బాగుందండి, కానీ ‘ముంపు’తో జాగ్రత్త. మాది కూనవరం దగ్గర. మా దగ్గర ముంపు అంటే పోలవరం. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మా మండలాలకు ‘ముంపు మండలాలు’ అనే పేరే పడిపోయింది. మీ ముంపు వచ్చి పోతుంది, వారం పదిరోజుల్లో నీళ్లు లాగేస్తాయి. ఇది అలా కాదు, ఊరు ఖాళీ చేసి వెళ్లిపోవడం. మా పిల్లలు ‘ముంపు నేల’ అని చదివితే ఇల్లు పోవడమే అనుకుంటారు.

మా దగ్గర వాడే ఇంకో మాట కూడా రాసుకోండి: ఎగపోటు. శబరి వచ్చి గోదారిలో కలిసేది మా కూనవరంలోనే. గోదారి నిండుగా ఉంటే శబరి నీళ్లకు దారి దొరకదు, వెనక్కి తన్ని పైనున్న ఊళ్లలోకి ఎక్కుతాయి. మాకు వాన లేకపోయినా నీళ్లు రావడం ఇలాగే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు మా పరిస్థితి మాటల్లో చెప్పలేను.

జవాబు: మీరన్నది నాకు తట్టలేదండి. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ‘ముంపు’కు ముందు ‘ఏటి’ అని చేర్చినంత మాత్రాన మీ పిల్లల మనసులోంచి ఆ అర్థం పోదు.

అడుగుల ప్రస్తావన వచ్చింది కాబట్టి పుస్తకంలో ఇది కూడా ఒక వాక్యం ఉంటే మంచిది. మొదటి ప్రమాద హెచ్చరిక భద్రాచలంలో 43 అడుగులకు ఇస్తారు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకే. ప్రతి కొలబద్దకూ సున్నా ఎక్కడ పెట్టారో అక్కడి నుంచి లెక్క. ఇది తెలియక, దూరాన ఉన్న మా బంధువులు టీవీలో 43 అని చూసి, మా వీధిలో అంత లోతు నీళ్లున్నాయేమో అని టెన్షన్‌తో ఫోన్లు చేస్తుంటారు. క్యూసెక్కులు లోతును చెప్పవు, సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందో చెప్తాయి. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28 లీటర్లు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక నాటికే ప్రవాహం పది లక్షల క్యూసెక్కుల దగ్గర ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ నమస్కారం. ఒకే మాట కోసం వెతకడం మానేశాను. మొదటిసారి వచ్చినచోట ‘నది పొంగినప్పుడు నీళ్లు పరుచుకునే నేల’ అని రాసి, కింద బొమ్మలో లంకనూ, ఏటిగట్టునూ, గట్టుకు ఇవతలి ఊరినీ ఒకే రంగులో చూపించమని అడుగుతాను. ‘వరద మైదానం’ను పరీక్షల్లో వస్తుంది కాబట్టి చివరి పదాల పట్టికలో ఉంచుతాను. ఎగపోటు మాత్రం నేరుగా కథలోకే వెళ్తోంది. నా చిత్తుప్రతిలో అక్కడ ‘ఉపనది జలాల తిరోగమనం’ అని ఉంది, ఇప్పుడే కొట్టేశాను.